చుక్క కారని ఐసు

మా గరాజ్‌లో గోడకి కొట్టిన మేకుకి ఒక కొక్కెం కాటా వేలాడుతోంది. ఇత్తడి ముఖం, దాని మీద సగం చెరిగిపోయిన అంకెలు, కింద తుప్పు పట్టిన కొక్కెం. ఇరవై అయిదు కిలోల దాకా తూస్తుంది. నేను పుట్టక ముందు నించీ కాకినాడలో మా మేనత్త షెడ్డులో ఉన్న కాటా అది. ఇప్పుడు మిల్టన్ కీన్స్‌లో, లాన్‌మోవర్ పక్కన ఉంది. కారు తియ్యడానికి వెళ్ళినప్పుడల్లా కంట పడుతుంది. పడగానే నా ఊపిరి నేను లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాను. నిమిషానికి పదహారు, పదిహేడు. ఇరవై దాటితే కాసేపు బయట నిలబడతాను. రెండు మైళ్ళ దూరంలో ఉన్న షాపుకి వెళ్ళినా, వాన పడుతున్నా, కారు అద్దం రెండు వేళ్ళ మందం దించకుండా బండి కదపను. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే అలవాటు అంటాను. అది భయం.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న నన్ను తీసుకొచ్చి తన అక్క దగ్గర దింపి వెళ్ళాడు. అత్త ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డు వెనక వీధి, వీధి చివర రేవు. తెల్లారేసరికి రిక్షాలో ఐసు దిమ్మలు వచ్చేవి. వాటిని గోనెసంచుల్లో వేసి చెక్క సుత్తితో బాదేవారు. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వెదురు గంపలో అడుగున ఊక, ఊక మీద ఐసు, ఐసు మీద ఒక వరస చేపలు, మళ్ళీ ఐసు, మళ్ళీ చేపలు. పైన గోనెపట్టా కప్పి దబ్బనంతో పురికొస కుట్టేసేవారు. సామర్లకోట స్టేషన్‌కి లారీలో వెళ్ళి, అక్కణ్ణించి మెయిల్లో కలకత్తా పోయేవి. తడి గోనె, పచ్చి ఊక, ఐసు ఫ్యాక్టరీ వైపు నించి గాలి తిరిగినప్పుడు ముక్కులో గుచ్చుకునే అమ్మోనియా: ఈ మూడూ కలిస్తే మా ఇంటి వాసన. చేపల వాసన మాకు వాసనలా ఉండేదే కాదు.

అత్తకి అసలు ఏ వాసనా తెలిసేది కాదు. చిన్నప్పటి నించీ నస్యం పీల్చి పీల్చి ఆవిడ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. చేప చెడిందో లేదో ముక్కుతో పట్టలేదు కాబట్టి వేరే దారి వెతుక్కుంది. కుట్టేసిన గంపని రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద సత్తు బేసిన్ పెట్టి, అందులో పడే చుక్కల్ని లెక్కపెట్టేది. నిమిషానికి ఇరవై చుక్కలైతే గంప బాగున్నట్టు. ముప్ఫై అయితే నీడలోకి జరపాలి. నలభై దాటితే కుట్లు విప్పి మళ్ళీ ఐసు వెయ్యాల్సిందే. బేసిన్‌లో చేరిన నీళ్ళని గిన్నెతో కొలిచి, ఎంత ఐసు పోయిందో, ఇంకా ఎంత ఉందో, బండి ఎన్ని గంటలు ఆలస్యమైనా తట్టుకుంటుందో నోటితోనే చెప్పేసేది. ఆవిడకి చదువు రాదు. నేను పదో తరగతి దాటలేదు. నాకొచ్చిన లెక్కలన్నీ ఆ బేసిన్ దగ్గర వచ్చినవే. శాతం అన్న మాట తెలియక ముందే, గంపలో ఐసు నూటికి ఎన్ని పాళ్ళు కరిగిందో నాకు చూపుకి తెలిసేది. తరవాత పుస్తకాలు తెచ్చుకుని మిగతావి నేనే నేర్చుకున్నాను. ఇవాళ ఒక వేర్‌హౌస్‌లో స్టాకూ, షిఫ్టుల రోటాలూ చూసే ఉద్యోగం చేస్తున్నానంటే ఆ చుక్కల పుణ్యమే.

మా ఇంట్లో భయానికి ఒకే ఒక్క పేరుండేది: ఆలస్యం. లారీ ఆలస్యం, మెయిలు ఆలస్యం, ఐసు రిక్షా ఆలస్యం. ఒక ఎండాకాలం సామర్లకోటలో బండి తొమ్మిది గంటలు ఆగిపోయింది. ప్లాట్‌ఫారం మీద పద్ధెనిమిది గంపలు. అత్తా నేనూ గంపల మధ్య కూర్చున్నాం. చుక్కలు ముప్ఫై అయ్యాయి, నలభై అయ్యాయి, ఆ తరవాత చుక్కలు కావు, ధార. కాసేపటికి ధార కూడా ఆగిపోయింది. నేను సంతోషించాను, కారడం తగ్గిందని. అత్త మొహం చూశాక అర్థమైంది, కరగడానికి లోపల ఇంకేం మిగల్లేదని. ఆవిడ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. గంపలన్నీ ఊరి బయట గొయ్యి తీయించి కప్పెట్టించింది. ఎవరైనా ఎత్తుకెళ్ళి వండుకుని తింటారేమోనని పొద్దు వాలేదాకా ఆ గొయ్యి పక్కనే కూర్చుంది. ఆ రోజు నించి నాకు ఒకటే పాఠం. ఎన్ని గంటలకి సరిపోతుందో లెక్క కట్టు, దాన్ని రెట్టింపు చెయ్యి, అప్పుడు బయల్దేరు.

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో క్రోయిడన్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఒక ఆదివారం చేపల పులుసు పెట్టాను. మర్నాడు మెట్ల దగ్గర కింది ఫ్లాట్ ఆవిడ కనపడి, చాలా మర్యాదగా, కిటికీలు తీసి వండుకుంటారా, లేక వండటం మానుకుంటారా అన్నట్టు అడిగింది. ఆవిడ చిరునవ్వు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ తరవాత ఇన్నేళ్ళలో కిటికీ అన్న మాట ఏ ఇంగ్లీషు నోట విన్నా నాకు చేపలే గుర్తొచ్చేవి. సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా చేపలు గరాజ్‌లో, కరెంటు పొయ్యి మీదే వండేదాన్ని. మా ఆయన శేఖర్‌కి ఈ బాధ లేదు. బ్రాక్‌నెల్ ఆఫీసులో స్నేహితుల వల్ల ఆయనకి గేలం సరదా పట్టుకుంది. ఏడాదికోసారి కార్న్‌వాల్ వెళ్ళి, పడవ మాట్లాడుకుని, రెండు రోజులు సముద్రం మీద గడిపి వస్తారు.

క్రిందటి అక్టోబరులో అత్త విజిటర్ వీసా మీద వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. సూట్‌కేసులో మాగాయ సీసాల పక్కన ఈ కాటా. ఎందుకత్తా ఇంత బరువు అంటే, నీకు లెక్కలంటే ఇష్టం కదే, తెచ్చాను అంది. శేఖర్ గేలానికి వెళ్తుంటే తనూ వస్తానంది. పడవ ఎక్కలేదు గాని, రెండు రోజులూ రేవు గట్టు మీద బెంచీలో శాలువా కప్పుకుని కూర్చుని, వచ్చే పోయే పడవలకి మనసులోనే మార్కులు వేసింది. శేఖర్ పట్టిన పొలాక్, కాడ్, కొన్ని కానాగంతలు, శుభ్రం చేశాక పన్నెండు కిలోలు తూగాయి. అత్త కాటాతో ఆవిడే తూచింది. రేవులో చేపల వ్యాపారి ఒకాయన వాటిని సంచుల్లో గాలి తీసి కట్టి, పెద్ద ఫ్రీజర్లో రాయిలా గడ్డ కట్టించి పెట్టాడు.

అలా గేలానికి వచ్చినవాళ్ళ చేపల్ని ఆయన కొరియర్‌లో ఇళ్ళకి పంపుతుంటాడు. కాని ఆ రోజు శనివారం. కొరియర్ సోమవారం వస్తుంది, మంగళవారం ఇల్లు చేరుతుంది. ఏం ఫర్వాలేదు, ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె పాడవలేదు అన్నాడు. నా చెవికి మాత్రం సామర్లకోట ప్లాట్‌ఫారం మీద ధార కారిన చప్పుడే వినపడింది. వద్దు, మేమే తీసుకెళ్తాం అన్నాను. రెండు వందల యాభై అయిదు మైళ్ళు, అయిదు గంటలు, మధ్యలో ఆగితే ఆరు. రెట్టింపు చేస్తే పన్నెండు. ట్రాఫిక్ అనుకుని ఇరవై నాలుగు. దానికి సరిపడా ఎనిమిది కిలోల డ్రై ఐస్ అడిగాను. ఆయన అంత ఎందుకన్నట్టు చూశాడు గాని ఇచ్చాడు. తెల్లటి గోళీల్లాంటి ముక్కలు, పొగలు కక్కుతూ. పెట్టెతో కలిపి మొత్తం ఇరవై ఒక్క కిలోలు.

అత్త ఆ పొగలని వింతగా చూసింది. పెట్టెని చుట్టూ తడిమింది, అడుగున వేలు పెట్టి చూసింది.

"బేసిన్ ఏదే? ఇది కరిగితే నీళ్ళు ఎక్కడ పడతాయి?"

"దీనికి నీళ్ళుండవు అత్తా. కరగదు. అలా ఆవిరైపోతుంది."

"అయిపోయి ఎక్కడికి పోద్ది?"

"గాలిలోకి," అన్నాను నేను, నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. జీవితమంతా పోయినదాన్ని వెతికి కొలిచి పక్కన రాసుకునే నేను, ఎనిమిది కిలోల వస్తువు గాలిలోకి పోతుందని నా నోటితోనే చెప్పి, ఏ గాలిలోకి అని ఆగి ఆలోచించలేదు.

డిక్కీ నిండా గేలం కర్రలు, బూట్లు, బ్యాగులు. పెట్టెని వెనక సీట్లో అత్త పక్కన పెట్టి బెల్టు కట్టాం. వ్యాపారి బయటికి వచ్చి, పెట్టె లోపల పెట్టారు కదా, కిటికీ కొంచెం తీసి ఉంచండి, మర్చిపోకండి అన్నాడు. పెట్టె మీద ఉన్న పసుపు కాగితాన్ని కూడా వేలితో చూపించాడు. నా మొహం వేడెక్కింది. క్రోయిడన్ మెట్ల మీద నిలబడినట్టే అనిపించింది. చేపల వ్యాపారం చేసే నువ్వు కూడా నాకు చేపల వాసన గురించి చెప్తావా అనుకున్నాను. సరేనని తల ఊపి, డ్రైవింగ్ సీట్లో కూర్చుని అద్దం దించి, మలుపు తిరిగేదాకా అలాగే ఉంచాను.

పది నిమిషాలకి అత్త చెవుల్లో గాలి కొడుతోందంది. ఆవిడకి ముందే మఫ్లరు, దాని మీద మంకీ క్యాప్. అద్దాలు ఎత్తేశాను. ముందున్న లారీ పొగకి ఆవిడ దగ్గుతుంటే, బయటి గాలి రాకుండా ఆపే మీట కూడా నొక్కాను. మనం చేపల వాసనకి భయపడేవాళ్ళం కాదులే, ముగ్గురం అందులో పుట్టి పెరిగినవాళ్ళమే అని శేఖర్‌తో అన్నాను కూడా. అత్త శాలువా తీసి పెట్టె మీద కప్పింది, చల్లదనం పోకుండా. ఆ పసుపు కాగితం శాలువా కిందికి పోయింది. అయినా ఊరుకోలేదు, పావుగంటకోసారి శాలువా ఎత్తి, మూత కొంచెం తీసి, చేపలు ఎలా ఉన్నాయో చూసేది. పాత అలవాటు. మూత తీసినప్పుడల్లా తెల్లటి పొగ సీటు మీంచి జారి కిందికి పోవడం వెనక్కి చూసే అద్దంలో నాకు కనపడేది. అందంగా ఉండేది.

శేఖర్ పడవలో కడుపు తిప్పకుండా మాత్రలు వేసుకున్నారు. పక్కన నిద్రపోయారు. మాత్రల వల్లేననుకున్నాను. అత్త మూత తియ్యడం మానేసి తల వాల్చింది. వయసు అనుకున్నాను. నాకు కణతల దగ్గర పోటు మొదలైంది. మధ్యాహ్నం కాఫీ తాగలేదు కదా అనుకున్నాను. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క కారణం, అన్నీ సరిగ్గా సరిపోయాయి. ఎండ బాగా కాస్తోంది. రోడ్డు ఖాళీగా ఉంది.

నాకు కారు నడుపుతూ లెక్కలు వేసుకునే అలవాటుంది. బ్రిస్టల్ నలభై ఏడు అని బోర్డు కనపడింది. బ్రిస్టల్ నించి మా ఇంటికి నూట ఇరవై. రెండూ కలిపితే ఎంత అని మనసులో అనుకున్నాను. రాలేదు. నలభై ఏడూ నూట ఇరవై. మళ్ళీ అనుకున్నాను. నలభై నిలబడితే ఏడు జారిపోతోంది. ఏడుని పట్టుకుంటే నూట ఇరవై ఎందుకో గుర్తు రాలేదు. నాకు తలనెప్పి రావొచ్చు, నిద్ర రావొచ్చు, కాని నాకు కూడిక రాకపోవడం ఉండదు. అమ్మ పోయిన రోజు కూడా పాడె మోసినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకున్న దాన్ని నేను. ఏదో జరుగుతోంది, అది నా లోపల జరుగుతోంది అని తెలిసింది. ఏమిటన్నది తెలియలేదు. అప్పుడు నా గుండె కొట్టుకునే చప్పుడు మధ్యలో, రేవు గట్టు మీద అత్త గొంతు వినపడింది. అయిపోయి ఎక్కడికి పోద్ది?

నాలుగు అద్దాలూ ఒక్కసారే దించేశాను. గాలి హోరున లోపలికి వచ్చింది. రోడ్డు పక్క గీత దాటి కారు ఎలా ఆపానో నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. శేఖర్ లేచి ఏమైంది ఏమైంది అంటున్నారు, మాట ముద్దగా వస్తోంది. నేను వెనక తలుపు తీసి, "అత్తా, లే," అన్నాను. లేవలేదు. మఫ్లరు లాగేశాను, టోపీ లాగేశాను. పెదాలు తెల్లగా ఉన్నాయి. చెంప మీద కొట్టాను. నన్ను పెంచిన మనిషి చెంప మీద నేను చెయ్యి చేసుకోవడం అదే మొదలు.

ఇద్దరం కలిసి ఆవిణ్ణి రెయిలింగ్ దాటించి గడ్డి మీద పడుకోబెట్టాం. శేఖర్ తూలుతూనే 999కి ఫోన్ చేశారు. నాకు చెయ్యడానికి ఏం మిగల్లేదు. గడియారం చూసుకుని, ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసి, లెక్క మొదలుపెట్టాను. నిమిషానికి నలభై. ఎగదన్నుతున్న ఊపిరి. నలభై దాటితే కుట్లు విప్పాలి అన్న మాట తలలో తిరుగుతోంది. విప్పడానికి ఏముంది. చల్లటి గాలి కొడుతోంది, చెవుల్లోకే కొడుతోంది, జన్మలో మొదటిసారి ఆవిడ చెవుల్లో గాలి పడాలని కోరుకున్నాను. రెండో నిమిషం ముప్ఫై ఎనిమిది. మూడోది ముప్ఫై మూడు. అప్పుడు కొత్త భయం పట్టుకుంది. సామర్లకోటలో ధార తగ్గినప్పుడు నేను సంతోషించాను. తగ్గడం మంచికో, లోపల ఏం మిగలకపోవడం వల్లో బయటి నించి చూసేవాళ్ళకి తెలియదు. ఇరవై తొమ్మిది. ఇరవై ఆరు. లెక్కపెడుతూ దేవుణ్ణి కాదు, ఆవిణ్ణే అడిగాను, ఇది ఏ తగ్గడమో చెప్పమని.

ఇరవై నాలుగు దగ్గర కళ్ళు తెరిచింది. నా వైపు కాకుండా కారు వైపు చూసింది.

"చేపలు చెడిపోయాయా?" అంది.

అంబులెన్సు వచ్చింది. ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. అందులో వచ్చిన అమ్మాయి యూనివర్సిటీలో చదివే మా కూతురి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. వెనక సీటు చూసి, శాలువా ఎత్తి, పసుపు కాగితం మీద ఉన్నది పైకి చదివింది: కార్బన్ డయాక్సైడ్, గాలి ఆడని చోట ప్రాణాపాయం. కిటికీ తెరవమని ఎవరూ చెప్పలేదా అని అడిగింది. చెప్పారు అన్నాను. ఎందుకు మూశానో ఇంగ్లీషులో చెప్పబోయాను. క్రోయిడన్ మెట్ల నించి మొదలుపెట్టాల్సి వచ్చింది. మధ్యలో ఆగిపోయాను. ఆ అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని, డ్రై ఐస్ మొత్తం గట్టు మీద గడ్డిలో దూరంగా పారబోసింది. తరవాత నేను కాటా తెచ్చి, చేపలు మిగిలిన పెట్టెని తగిలించాను. పదమూడు కిలోలు. పన్నెండు చేపలు, ఒకటి పెట్టె. పారబోసిన దాన్ని ఎలా తూచగలను. మా ఊపిరితిత్తుల్లోంచి ఎంత పోయిందో నాకు ఎప్పటికీ తెలియదు. నేను పూర్తి చెయ్యలేకపోయిన లెక్క అదొక్కటే.

హాస్పిటల్లో కొన్ని గంటలు ఉంచి, బాగానే ఉన్నారని పంపించేశారు. కారుని శేఖర్ స్నేహితుడొకాయన వచ్చి నడిపాడు, నాలుగు అద్దాలూ దించి. మర్నాడు పొద్దున గరాజ్‌లో పెట్టె తెరిచాను. అంతసేపు డ్రై ఐస్ ముక్క ఒక్కటి కూడా లేకుండా, కారులో శాలువా కింద ఉన్న చేపలు. ఒకదాన్ని తీసి సిమెంటు మీద తట్టాను. టంగుమంది. రాయిలా ఉంది. పన్నెండు కిలోలు గడ్డ కట్టిన చేపలు మంచి పెట్టెలో వాటంతట అవే ఒక రోజు ఉంటాయి. అంటే ఆ ఎనిమిది కిలోలు అసలు అక్కర్లేదు. ఆలస్యానికి భయపడి, ఆ భయాన్ని రెట్టింపు చేసి, మళ్ళీ రెట్టింపు చేసి, పెట్టెలో పోసి, నన్ను పెంచిన మనిషి పక్కన బెల్టు కట్టి కూర్చోబెట్టాను.

ఆ రోజు పులుసు అత్తే పెట్టింది. గరాజ్‌లో కాదు, వంటింట్లో. కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. చలికి వణుకుతూ స్వెటర్లతో తిన్నాం. పక్కింటాయన తోటలో ఆకులు ఊడుస్తూ ఒకసారి ఇటు చూశాడు. నేను కిటికీ మూయలేదు. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు. మొదటిసారి, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇన్నాళ్ళూ ఆ షెడ్డు రోజుల్ని తలుచుకుంటే, ఎంత కష్టం, ఎంత తడి, ఎంత కంగారు అనే అనుకునేదాన్ని. ఒక్క బండి ఆలస్యమైతే పద్ధెనిమిది గంపలు గొయ్యిలోకి. ఇక్కడ ఫ్రీజర్లు, పెట్టెలు, ఫోన్లో కనపడే కొరియర్ బండి. నయమే కదా, కాదని ఎవరంటారు. అయితే ఆ రోజుల్లో మమ్మల్ని ముంచేది ఏదైనా ముందు మా కాళ్ళ కిందికే వచ్చేది. పాదాలు తడిసేవి. పిల్లలకి కూడా తెలిసేది. ఇప్పుడు నా చుట్టూ ఉన్నవి చాలావరకు చప్పుడు లేనివి, వాసన లేనివి, తడి లేనివి. వాటి పక్కన హాయిగా నిద్రపోతాం.

అత్త వెళ్ళే రోజు సూట్‌కేసు సర్దుతుంటే కాటా అందులో పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. ముక్కుపొడుం డబ్బా మీద వేలితో రెండుసార్లు కొట్టి, మూత తియ్యకుండానే కొంగులో దోపుకుంది.

"ఇది నీ కాడే ఉండనీ. మన ఐసు పోతా పోతా చుక్క చుక్కకీ చెప్పి పోయేది. మీ ఐసు చెప్పదు. దాన్ని ఇలా వేలాడదీసి తూచి చూసుకో, గంటకోసారి."

నేను కాటా తీసుకుని, సరేనత్తా అన్నాను. ఆవిడ కారెక్కి కూర్చుంది. మఫ్లరు చుట్టుకుంది, టోపీ చెవుల మీదికి లాక్కుంది. ఆ తరవాత, ఎవరూ చెప్పకుండానే, తన వైపు అద్దం రెండు వేళ్ళ మందం దించుకుంది.